చెకుముకి తుపాకి: మందు దట్టించడం నుంచి గొట్టం కడగడం దాకా

తూటా పెట్టే తుపాకి అయితే తెరిచి చూడొచ్చు, లోపల ఏముందో కంటికి కనిపిస్తుంది. మూతి నుంచి మందు పోసే తుపాకికి ఆ వీలు లేదు. గొట్టం అడుగున మర బిగించి మూసేసి ఉంటుంది. మూడున్నర అడుగుల చీకటి గొట్టం అడుగున నిన్నటి మందు ఉందా, గుండు ఉందా, ఏమీ లేదా అన్నది చూసి చెప్పలేం. చెప్పగలిగేది ఒక్కటే, గొట్టం కింద ఇరికించి ఉండే కడ్డీ. అందుకే ఈ మార్గదర్శిలో కడ్డీ మాటే మళ్ళీ మళ్ళీ వస్తుంది.

నేను పెన్సిల్వేనియాలో ఉంటాను. ఇక్కడ క్రిస్మస్ మర్నాటి నుంచి చెకుముకి తుపాకులకు మాత్రమే అనుమతి ఉన్న జింకల వేట సీజన్ ఒకటి ఉంది, 1974 నుంచి నడుస్తోంది. నా దగ్గరున్నది 20 గేజ్ ఫౌలర్, అంటే పిట్టల వేటకు వాడే పొడవాటి తుపాకి, పాతకాలపు నమూనాకు కొత్తగా చేసింది. గొట్టం లోపల రైఫిల్‌కు ఉండే మెలికల గాళ్ళు ఉండవు, నున్నగా ఉంటుంది. ఒంటి సీసపు గుండూ పేల్చొచ్చు, పిట్టలకు వాడే చిన్న గుళ్ళూ పేల్చొచ్చు. 20 గేజ్ అంటే ఒక పౌను సీసంతో ఆ గొట్టానికి సరిపడే గుండ్లు 20 పోయొచ్చని లెక్క. వ్యాసం సుమారు 0.62 అంగుళం.

మన చరిత్రకు ఇది దూరపు వస్తువేమీ కాదు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో విజయనగరం ఆనంద గజపతి సైన్యంతో కలిసి ఇంగ్లీషువాళ్ళు ఫ్రెంచివాళ్ళతో తలపడినప్పుడు రెండు వైపుల యూరోపియన్ సిపాయిల చేతుల్లోనూ ఉన్నవి ఇలాంటి నున్నటి గొట్టాల చెకుముకి తుపాకులే.

ముందు చట్టం సంగతి

ఇండియాలో చదువుతున్నవాళ్ళకు: మూతి నుంచి మందు పోసే తుపాకికి కూడా 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉండాల్సిందే. దాంతో అడవి జంతువులను కొట్టడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఏ ఇనుమో, ఏ అతుకో తెలియని నాటు తుపాకి పైపుకు ఇక్కడ చెప్పే కొలతలు ఒక్కటీ పనికిరావు. దయచేసి ప్రయత్నించవద్దు.

అమెరికాలో 1968 నాటి ఫెడరల్ చట్టం పాతకాలపు చెకుముకి తుపాకులనూ వాటి నకళ్ళనూ మామూలు ఫైర్‌ఆర్మ్ లెక్కలోంచి మినహాయించింది. అలాగని అన్ని చోట్లా ఒకటే అనుకోకండి. న్యూజెర్సీ లాంటి రాష్ట్రాల్లో దీన్ని కొనడానికి కూడా కార్డు కావాలి. వీసా మీద ఉన్నవాళ్ళు కొనేముందే లాయర్‌ని అడిగి తెలుసుకోవడం మంచిది.

భాగాల పేర్లు, మందు రకాలు

మన పల్లెల్లో చుట్ట వెలిగించుకోవడానికి చెకుముకి రాయి, ఉక్కు ముక్క, దూది వాడేవారు. ఈ తుపాకి లాక్, అంటే నిప్పు పుట్టించే యంత్రం కూడా సరిగ్గా అదే పని చేస్తుంది. చెకుముకిని దవడల మధ్య పట్టుకునేది సుత్తి. అది వెళ్ళి కొట్టే ఉక్కు రెక్క ఫ్రిజెన్. రాలే నిప్పురవ్వలు రాతివి కావు, రాయి గీరిన ఉక్కు పొట్టు ఎర్రగా కాలి రాలుతుంది. ఫ్రిజెన్ కింద చిన్న గిన్నె ఉంటుంది. అందులో పోసే సన్నటి మందును మనవాళ్ళు రంజకం అన్నారు, ఇంత చక్కటి మాట ఉండగా వేరే మాట ఎందుకు? గిన్నె పక్కన గొట్టానికి సన్నటి బెజ్జం ఉంటుంది. రంజకం భగ్గుమంటే ఆ మంట బెజ్జంలోంచి లోపలి మందును అంటుకుంటుంది.

మందు విషయంలో పొరపాటుకు తావు లేదు. బ్లాక్ పౌడర్ మాత్రమే వాడాలి. సూరేకారం 75 పాళ్ళు, బొగ్గు 15, గంధకం 10. చిచ్చుబుడ్డి కూరిన ఇంట్లో పెరిగినవాళ్ళకు ఆ వాసన కొత్తది కాదు. అయినా ఇంట్లో తయారుచేయకండి, కంపెనీ డబ్బాలో వచ్చిందే వాడండి. ఆధునిక తూటాల్లో ఉండే పొగరాని మందు చిటికెడు కూడా ఇందులో పడకూడదు. దాని ఒత్తిడికి ఈ గొట్టాలు తట్టుకోలేవు, చీలిపోతాయి, చేతులూ కళ్ళూ పోతాయి. బ్లాక్ పౌడర్‌కు ప్రత్యామ్నాయంగా అమ్మే పొడులు చాలావరకు ఎక్కువ వేడికి గానీ అంటుకోవు, చెకుముకి నిప్పుకు సరిగా లొంగవు.

పలుకు సైజును బట్టి మందుకు నంబర్లు ఉంటాయి. 2ఎఫ్ ముతక, 3ఎఫ్ కొంచెం సన్నం, 4ఎఫ్ పిండిలా ఉంటుంది. గొట్టంలోకి 2ఎఫ్, గిన్నెలోకి 4ఎఫ్ నేను వాడతాను. ఎంత మందు అన్నదానికి తుపాకి తయారీదారు పుస్తకంలో ఉన్న గరిష్ఠ పరిమితే మీకు చట్టం. నా 20 గేజ్‌కు గుండుతో 70 గ్రెయిన్లు, అంటే దాదాపు నాలుగున్నర గ్రాములు సరిపోతుంది. కొత్తవాళ్ళు 60తో మొదలుపెట్టి గురి ఎక్కడ కుదురుతుందో చూసుకోండి. మందు పెంచితే గురి పెరుగుతుందన్నది తప్పు. 50 గజాలు దాటాక ఈ నున్నటి గొట్టం గుండు ఎలాగూ దాని ఇష్టం వచ్చినట్టు పోతుంది.

చెకుముకి బిగించడం

తుపాకి ఖాళీగా ఉండగానే ఈ పని చేయాలి. పలుచని తోలు ముక్కలో చెకుముకిని మడిచి సుత్తి దవడల మధ్య పెట్టండి. సుత్తి సగం ఎత్తులో ఉండి ఫ్రిజెన్ మూసినప్పుడు రాయి అంచు ఫ్రిజెన్‌కు దగ్గరగా ఉండాలి, తగలకూడదు. అంచు ఫ్రిజెన్ మొహానికి సమాంతరంగా ఉండాలి. ఒక మూల ముందు తగిలితే ఆ మూల విరిగిపోతుంది. మర బిగించాక గిన్నె ఖాళీగా ఉంచి చీకటి గదిలో ఒకసారి కొట్టి చూడండి. రవ్వలు గుంపుగా గిన్నెలోకి పడాలి. పక్కకు చిందుతుంటే రాయిని తిరగేసి, వాలు వైపు పైకి గానీ కిందికి గానీ మార్చి మళ్ళీ చూడండి. ఇంగ్లండులోని బ్రాండన్ ప్రాంతపు నల్ల చెకుముకి నాకు బాగా కుదిరింది.

దట్టించడం

కళ్ళద్దాలు, చెవులకు రక్షణ పెట్టుకున్నాకే మొదలుపెట్టండి. మందు డబ్బా మూతపెట్టి వెనకాల, నిప్పుకు దూరంగా ఉండాలి. చుట్టుపక్కల ఎవరి చేతిలోనూ సిగరెట్ ఉండకూడదు.

మొదట కడ్డీని గొట్టంలోకి వదలండి. ఖాళీ గొట్టం అడుగుకు ఇనప కడ్డీ తగిలితే టంగ్ మని మోగుతుంది. కర్ర కడ్డీ అయినా గట్టిగా తాకిన శబ్దం వస్తుంది. మందూ గుండూ ఉంటే దబ్ మని మెత్తగా ఆగుతుంది. గొట్టం ఖాళీగా ఉన్నప్పుడు కడ్డీ మీద మూతి దగ్గర ఒక గీత పెట్టుకోండి. మీ మామూలు మోతాదు దట్టించాక రెండో గీత. ఈ రెండు గీతలు మీ తుపాకికి కళ్ళు. మా ఊరికి కాస్త దూరంలోనే గెట్టీస్‌బర్గ్ ఉంది. అమెరికా అంతర్యుద్ధంలో 1863లో అక్కడ జరిగిన పోరు తర్వాత ఆ మైదానంలో ఏరిన సుమారు 27 వేల తుపాకుల్లో 24 వేలకు పైగా దట్టించినవే. వాటిలో వేలాది తుపాకుల్లో ఒకదాని మీద ఒకటి రెండేసి, మూడేసి దట్టింపులు, ఒకదాంట్లో ఏకంగా 23 ఉన్నాయని రికార్డు. అవి చెకుముకివి కావు, రాయికి బదులు సుత్తి దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న క్యాప్ పెట్టి పేల్చేవి, కానీ మూతి నుంచి దట్టించేవే. గోల మధ్య మనిషికి తన తుపాకి పేలిందో లేదో కూడా తెలియదు. రేంజిలో కబుర్ల మధ్య కూడా అంతే.

గొట్టం ఖాళీ అని తేలాక పొడి బట్ట ముక్కతో లోపలి నూనె తుడిచేయండి. సన్నటి సూదితో బెజ్జం శుభ్రం చేయండి. ఇప్పుడు సుత్తి పూర్తిగా కిందికి దించి, ఫ్రిజెన్ ముందుకు తెరిచి, గిన్నె ఖాళీగా ఉంచండి. ఈ స్థితిలో రవ్వ పుట్టే దారే లేదు. దట్టించడం అయ్యేదాకా ఇలాగే ఉండాలి. పూర్వం సిపాయిలు కాగితం తూటాను పంటితో కొరికి ముందు గిన్నెలో రంజకం పోసి, మిగతాది గొట్టంలో పోసేవారు. నిమిషానికి మూడు సార్లు పేల్చాల్సిన యుద్ధం వాళ్ళది. మనకు ఆ తొందర లేదు. మనం రంజకం చివర్లోనే పోస్తాం.

తుపాకి పిడి నేల మీద ఆనించి, మూతి మీ మొహానికి దూరంగా వాల్చి పట్టుకోండి. మందు నింపుకునే కొమ్ములోంచి మందును ముందు కొలత గొట్టంలోకి, అక్కణ్ణుంచి తుపాకిలోకి పోయండి. కొమ్ములోంచి తిన్నగా పోయకూడదు. గొట్టం అడుగున ఎక్కడో పాత నిప్పుకణిక మిగిలి ఉంటే కొలతలో ఉన్న కాస్త మందే భగ్గుమంటుంది, అదే కొమ్ముతో పోస్తుంటే చేతిలో ఉన్న కొమ్మంతా పేలుతుంది. పోశాక గొట్టాన్ని అరచేత్తో రెండు సార్లు తట్టండి, మందు అడుగుకు సర్దుకుంటుంది.

మూతి మీద కందెన రాసిన నూలు బట్ట ముక్క పరవండి. తేనెమైనం, ఆలివ్ నూనె కలిపి కరిగించిన ముద్ద నేను వాడతాను. గట్టి నేత దిండు గలీబు బట్ట బాగుంటుంది, సింథటిక్ పనికిరాదు, కరిగి గొట్టానికి అతుక్కుంటుంది. బట్ట మీద గుండు పెట్టండి. నా గుండు 0.60 అంగుళం, సుమారు 21 గ్రాములు. దానికీ గొట్టానికీ మధ్య సందును ఆ బట్ట పూడుస్తుంది. పొట్టి కర్రతో గుండును లోపలికి నొక్కి, తర్వాత కడ్డీ అందుకోండి.

ఇక్కడ చేతి పని గురించి కాస్త వివరంగా చెప్పాలి. మా క్లబ్బు పెద్దాయన నాకు మొదటి రోజు నేర్పింది ఇదే. ఆయన కడ్డీని చివర పట్టుకోలేదు. మూతికి జానెడు పైన వేళ్ళతో పట్టుకుని, జానెడే నొక్కి, మళ్ళీ పైకి జానెడు జరిపి పట్టుకున్నాడు. అలా పొట్టి పొట్టి తోపులతో కిందికి దించాడు. చివర పట్టుకుని ఒక్క ఊపున తోస్తే కర్ర కడ్డీ వంగి విరుగుతుంది, విరిగిన మొన అరచేతిలోంచి దిగబడుతుంది. అరచేతిని మూతి మీదుగా ఎప్పుడూ అడ్డం పెట్టవద్దన్నది కూడా అందుకే. గుండు దిగేకొద్దీ గొట్టంలోని గాలి బెజ్జంలోంచి సన్నగా 'స్స్' మని బయటికి వస్తుంది. ఆ చప్పుడు వినిపిస్తే బెజ్జం తెరిచే ఉందని గుర్తు.

గుండు మందు మీద పూర్తిగా ఆనాలి. మధ్యలో ఖాళీ మిగిలితే పేలినప్పుడు గొట్టం ఉబ్బవచ్చు, చీలవచ్చు. రెండో గీత మూతి దగ్గరికి వచ్చిందో లేదో చూడండి. గీత పైనే ఉంటే గుండు ఆగిపోయిందని, గీత మరీ పైకి ఉంటే రెండు సార్లు దట్టించారని, కిందికి పోతే మందు తక్కువ పోశారని. అనుమానం వస్తే పేల్చకండి. చూసుకున్నాక కడ్డీ బయటికి తీసి దాని చోట పెట్టండి. తీయడం మరచిపోతే కడ్డీ కూడా గుండులా ఎగిరిపోతుంది.

గుండుకు బదులు చిన్న గుళ్ళు వాడితే మందు మీద ముందు మందమైన అట్ట బిళ్ళ, దాని మీద మెత్తటి వాడ్ (గొట్టానికి సరిపడే మందపాటి అడ్డు బిళ్ళ), ఆ పైన గుళ్ళు, ఆఖరున పలుచని అట్ట బిళ్ళ. మందు కొలిచిన కొలతతోనే గుళ్ళూ కొలవండి. 70 గ్రెయిన్ల కొలతకు ఒక ఔన్సు దాకా గుళ్ళు పడతాయి. చివరి బిళ్ళ వదులైతే తుపాకి మూతి దించగానే గుళ్ళు ముందుకు జారిపోతాయి, మధ్యలో ఖాళీ మిగులుతుంది.

రంజకం, పేల్చడం

గుర్తు వైపు తిరిగి, ముందు ఎవరూ లేరని నిర్ధారించుకున్నాకే రంజకం పోయాలి. సుత్తి సగం ఎత్తి, బెజ్జం మరోసారి సూదితో పొడిచి, గిన్నెలో మూడో వంతు 4ఎఫ్ పోయండి. నిండుగా పోస్తే ఇంకా బాగా పేలుతుందనుకుంటారు గానీ జరిగేది వేరు. బెజ్జం మందుతో మూసుకుపోతే మంట లోపలికి దూకదు, వత్తిలా మెల్లగా కాలుతూ వెళ్తుంది, పేలడం ఆలస్యమవుతుంది. ఫ్రిజెన్ మూయండి.

మీ కుడి పక్కన నిలబడిన మనిషిని వెనక్కి జరగమనండి. బెజ్జంలోంచి ఆ వైపు సూటిగా నిప్పు చిమ్ముతుంది, చొక్కా కాలడం నేను చూశాను. సుత్తి పూర్తిగా ఎత్తి, గురి చూసి, ట్రిగ్గర్ నొక్కాక కూడా గురి కదపకుండా అలాగే ఉండండి. మొహం ముందు మంట లేస్తుంది, ఆ తర్వాత గానీ గొట్టం పేలదు. కొత్తవాళ్ళు మంట చూసి తల తిప్పేస్తారు, గుండు అటే పోతుంది.

పేలకపోతే టెన్షన్ పడి తుపాకి కిందికి దించకండి. మూతి గుర్తు వైపే ఉంచి నిమిషం పాటు కదలకుండా నిలబడండి. లోపల కణిక రగులుతూ ఉండొచ్చు. నిమిషం గడిచాక బెజ్జం పొడిచి, కొత్త రంజకం పోసి మళ్ళీ కొట్టండి. గుండు వేసి మందు పోయడం మరచిపోవడం కూడా జరుగుతుంది. అప్పుడు బెజ్జంలోంచి కొద్దికొద్దిగా 4ఎఫ్ లోపలికి రాల్చి, గుండును కడ్డీతో అడుగుకు నొక్కి, కడ్డీ తీసేసి, రంజకం పోసి గుర్తు వైపు పేల్చేయాలి. మొదటిసారి అయితే అనుభవం ఉన్నవాళ్ళను పక్కన పెట్టుకోండి.

ఒక్కో పేలుడు తర్వాత తడిపి గట్టిగా పిండిన బట్ట ముక్కతో గొట్టం తుడిచి, వెనకే పొడి ముక్క ఒకటి పంపండి. కణికలు చల్లారతాయి, తర్వాతి గుండు సులువుగా దిగుతుంది. ఏ పరిస్థితిలోనూ మూతిలోకి నోటితో ఊదకండి.

కడగడం

బ్లాక్ పౌడర్ పూర్తిగా కాలిపోదు. సగానికి పైగా గట్టి మడ్డిగా మిగులుతుంది. అందులోని పొటాషియం లవణాలు గాలిలోని తేమను లాగి ఇనుముకు అంటిస్తాయి. మొదటి చలికాలంలో ఒకసారి రేంజి నుంచి రాత్రి అలసిపోయి వచ్చి, తెల్లారి కడుగుదామని గోడకు ఆనించాను. పొద్దున పంపిన బట్ట ముక్క నారింజ రంగులో బయటికి వచ్చింది. గొట్టం అడుగున పడిన ఆ గుంటలు ఇప్పటికీ బట్టకు గరగరా తగులుతూనే ఉంటాయి. అప్పట్నుంచి ఎంత రాత్రయినా కడిగాకే భోజనం.

మొదట కడ్డీ వేసి గొట్టం ఖాళీ అని చూసుకోండి. చెకుముకి తీసేయండి. సుత్తిని సగం ఎత్తులో ఉంచి, లాక్ మరలు రెండూ కొంచెం వదులు చేసి, స్క్రూడ్రైవర్ పిడితో మరల తలల మీద మెల్లగా తడితే లాక్ చెక్కలోంచి బయటికి వస్తుంది. కత్తి మొనతో పెకలించకండి, చెక్క అంచు చిట్లుతుంది. గొట్టాన్ని చెక్కకు పట్టి ఉంచే మేకులు మాత్రం ప్రతిసారీ తీయనక్కర్లేదు. తీసేకొద్దీ బెజ్జాలు వదులవుతాయి.

బెజ్జంలో పళ్ళు కుట్టుకునే పుల్ల గట్టిగా బిగించండి. చెక్కకు నీళ్ళు తగలకుండా లాక్ గూడు చుట్టూ పాత గుడ్డ చుట్టండి. గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే సబ్బు ఒక్క చుక్క కలిపి గొట్టం నిండా పోసి ఐదు నిమిషాలు ఉంచండి. మరిగే నీళ్ళు వద్దు. వేడికి నీళ్ళు త్వరగా ఆరినా, ఆ ఆరే లోపే పలుచని తుప్పు పొర పడుతుంది. నీళ్ళు పారబోస్తే మసి కషాయంలా, కుళ్ళిన గుడ్ల వాసనతో వస్తాయి. అది గంధకం వాసన. మళ్ళీ నింపి, మళ్ళీ పారబోయండి. నీళ్ళు తేటపడేదాకా మూడు నాలుగు సార్లు.

తర్వాత తడి బట్ట ముక్కలు కడ్డీకి తగిలించి అడుగుదాకా పంపండి. అడుగున మెలితిప్పాలి, మడ్డి పేరుకునేది అక్కడే. పుల్ల తీసేసి మరో తడి ముక్కతో తోస్తే బెజ్జంలోంచి నీళ్ళు చిమ్ముతాయి, దాంతో బెజ్జమూ కడిగినట్టే. పొడి ముక్కలు ఒకదాని వెనక ఒకటి, పొడిగా బయటికి వచ్చేదాకా. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన ముక్క ఒకటి పంపితే మిగిలిన చెమ్మ కూడా పోతుంది.

లాక్‌ను పాత టూత్‌బ్రష్‌తో అదే సబ్బు నీళ్ళలో తోమి, బాగా ఆరబెట్టి, కదిలే ప్రతి చోటా ఒక్కో చుక్క నూనె వేయండి. ఫ్రిజెన్ మొహానికీ చెకుముకికీ మాత్రం నూనె అంటకూడదు. గొట్టం లోపలా బయటా పలుచగా నూనె రాసి, లాక్ బిగించి, తుపాకిని మూతి కిందికి ఉండేలా పెట్టండి. నూనె అడుగుకు కారి బెజ్జాన్ని పూడ్చకుండా, చెక్కలోకి ఇంకకుండా ఉంటుంది. అన్నం ముట్టుకునే ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి, సీసం వేళ్ళకు అంటి ఉంటుంది.

మర్నాడు సాయంత్రం ఒక తెల్లటి బట్ట ముక్క కడ్డీకి తగిలించి అడుగుదాకా పంపి తీయండి. తెల్లగానో, కాస్త నూనె మరకతోనో వస్తే మళ్ళీ నూనె రాసి పెట్టేయొచ్చు. ఎరుపు జీర కనిపిస్తే మళ్ళీ నీళ్ళు కాచుకోండి.